గేరు జారుచున్న పాత కారు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. వారి కాలమున మోటారు కార్లు ఉన్నచో, పాత కారు కొని చూడు అని మూడవ మాట కూడ చేర్చియుందురు. కొత్త కారు నడచుటకు పెట్రోలు చాలును. పాత కారు నడచుటకు పెట్రోలుతోపాటు యజమాని ఓర్పు కూడ కావలెను. ఆ ఓర్పును మిక్కిలి పరీక్షించెడి బాధ యొకటి కలదు. గేర్లు తమంతట తామే మారెడి పాత కార్లలో ఒక్కొక్కప్పుడు ఇంజను రొద లేచును గాని కారు ముందుకు సాగదు. మోటారు పనివారు దీనిని గేరు జారుట యందురు. ఈ బాధకు మూలమేమో యజమాని తానే ఎంతవరకు కనిపెట్టగలడో ఈ ప్రసంగములో విన్నవించెదను.

2004వ సంవత్సరము శీతకాలమున ఒకనాటి రాత్రి మా మేనల్లుడు అమెరికానుండి టెలిఫోను చేసెను. అతడు అప్పుడు మిషిగను రాష్ట్రమున చదువుకొనుచుండెను. చేతిలోనున్న కొద్ది డాలర్లతో, ముప్పది యేండ్ల వయస్సుగల పెద్ద కారొకటి కొనియుండెను. క్లచ్చి పెడలు లేని కారు అది.

“మామయ్యా, ఇంజను రొద పెట్టుచున్నది గాని కారు పోవుట లేదు. మెకానిక్కు చూచి గేరుబాక్సు పోయినదని చెప్పెను. బాగుచేయుటకు కారు కొన్న ధరకు రెండింతలగునట. నా మిత్రులేమో ఆయిలు పోసి, కొత్తగా వచ్చిన విద్యార్థి కెవరికైన ఈ వారమే అమ్మివేయుమనుచున్నారు. మీరేమి చేయమందురు?” అని అడిగెను.

నేను కువైటులో పండ్రెండేండ్లు మోటారు షెడ్డులో పనిచేసి వచ్చినవాడను. అచ్చట పెద్ద అమెరికను కార్లు విరివి. వాని గేరుబాక్సులను విప్పి, కడిగి, తిరిగి కూర్చుటలో నాకు చేయి తిరిగినది. అయినను ఆ రాత్రి నేనతనికి చెప్పిన మొదటి మాట, ఆ బాక్సును ఎవరిచేతను విప్పించవద్దని. గేరు జారుట జ్వరము వంటిది. జ్వరమునకు కారణములు పెక్కు. వానిలో కొన్ని ప్రాణము మీదికి తెచ్చునవి. కొన్ని పథ్యముతో పోవునవి. ఏది యేదియో తెలియకముందే కత్తి పట్టు వైద్యునివద్దకు ఎవరును పోరు గదా! మొదటి పరీక్షకు పానా పట్టవలసిన పని కూడ లేదు. కన్ను, ముక్కు, చెవి, ఒక తెల్లని గుడ్డపీలిక చాలును.

పరీక్షకు ముందు, ఆ బాక్సు ఎట్లు పనిచేయునో కొంచెము తెలిసికొనుట మంచిది. రెండు కరెంటు ఫ్యానులను ఎదురెదురుగా పెట్టి ఒకదానిని నడిపినచో, దాని గాలికి రెండవది కూడ తిరుగ నారంభించును. గాలికి బదులు ఆయిలును, ఫ్యానులకు బదులు మూసిన ఉక్కు డొల్లలోని రెక్కల చక్రములను ఊహించుకొనుడు. ఇంజను ఒక చక్రమును త్రిప్పగా, అది విసరు ఆయిలు రెండవ చక్రమును త్రిప్పును. రెంటి నడుమనున్న మూడవ చిన్న చక్రము ఆయిలు దారిని మళ్ళించి లాగుడు బలమును పెంచును. దీనిని టార్కు కన్వర్టరందురు. జర్మను ఇంజనీరు హెర్మన్ ఫోటింగరు ఈ సూత్రమునకు 1905లో ఓడల కొరకు పేటెంటు పొందెను. కార్లలో ఆటోమాటిక్ గేరుబాక్సును మొదట విరివిగా అమ్మినది జనరల్ మోటార్సు కంపెనీ. వారి హైడ్రామాటిక్కు 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లతో వచ్చినది. టార్కు కన్వర్టరుగల డైనాఫ్లో 1948 నమూనా బ్యూయిక్కు కార్లతోను, పవర్‌గ్లైడు 1950 నమూనా షెవ్రొలె కార్లతోను వచ్చినవి.

కన్వర్టరు వెనుక గేర్లుండును. సూర్యుని చుట్టు గ్రహములవలె ఒకదాని చుట్టు మరికొన్ని తిరుగుచుండుటచేత వానికి గ్రహ గేర్లని పేరు. అవి ఎల్లప్పుడు ఒకదానినొకటి పట్టుకొనియే యుండును. ఏ గేరు కావలెనన్నను, వానిలో ఒక భాగమును కదలకుండ పట్టవలెను. లేదా రెండు భాగములను కలిపి త్రిప్పవలెను. ఆ పని చేయునవి క్లచ్చి ప్లేట్లు. వట్టి ఉక్కు ప్లేటు ఒకటి, లైనింగు అతికించిన ప్లేటు ఒకటి, మరల ఉక్కు ప్లేటు ఒకటి, ఇట్లు దొంతరగా పేర్చబడి ఆయిలులో తడియుచుండును. ఆయిలు ఒత్తిడితో ఒక పిస్టను ఆ దొంతరను నొక్కినపుడు ప్లేట్లన్నియు ఒకటియై తిరుగును. కొన్ని చోట్ల ప్లేట్లకు బదులు, డ్రమ్ము చుట్టు బిగియు బేండు అను పట్టీ ఉండును.

ఇక జారుట యేమో తేటపడినది. ఒత్తిడి తగ్గినను, లైనింగు అరిగినను ప్లేట్లు పట్టు తప్పి ఒరసికొనును. ఒరసికొన్నప్పుడు వేడి పుట్టును. వేడికి లైనింగు మాడును. మాడిన లైనింగు మరింత జారును. ఆయిలు చాలకపోవుటవంటి చిన్న లోపముతో మొదలైన బాధ, జారుచున్నంతకాలము నడిపినచో, కొద్ది దినములలోనే ప్లేట్లను కాల్చివేసి పెద్ద ఖర్చుగా మారును. కావున జారుచున్న కారును ఇంకొక్క వారము నడిపి చూతమనుకొనుట మిక్కిలి ఖరీదైన పొదుపు.

మా మేనల్లుని నేనడిగిన మొదటి ప్రశ్న ఇది. “ఇంజను రొద లేచుచున్నదా, లేక ఇంజనే నీరసముగా మూలుగుచున్నదా?” ఈ భేదము ముఖ్యమైనది. కాలు నొక్కినపుడు ఇంజను వేగము హఠాత్తుగా హెచ్చి, కారు వేగము హెచ్చనిచో అది నిజమైన జారుడు. రొద లేవక కారు మందగించినచో తప్పు ఇంజనుదో, పట్టివేసిన బ్రేకుదో కావచ్చును. కన్వర్టరులోని మూడవ చక్రమును వెనుకకు తిరుగనీయని ఒంటిదారి క్లచ్చి చెడినను, కారు నిలిచినచోటనుండి కదలుటకు ఆయాసపడును. వేగము పుంజుకొన్న తరువాత బాగుగనే పోవును. ఇక, కదలు సమయమున ఇంజను కారుకంటె కొంచెము ముందుగా లేచుట పాత కార్లలో సహజము. ఆయిలు ద్వారా బలము పోవుచోట ఆ మాత్రపు వెనుకబాటు తప్పదు. దానిని రోగమనుకొని భయపడరాదు.

“రొదయే లేచుచున్నది మామయ్యా. ఎత్తు ఎక్కునపుడును, మలుపు తిరుగునపుడును హెచ్చు. మిగిలినప్పుడు ఒకొక్క మారు బాగుగనే యుండును. కాని గేర్లు ఆలస్యముగాను, కుదుపుతోను మారుచున్నవి” అని అతడు చెప్పెను.

ఎత్తులోను, మలుపులోను జారుట మంచి ఆనవాలు. బాక్సు అడుగున పళ్ళెమువంటి తొట్టి యుండును. అందులోని ఆయిలును పంపు పీల్చి అన్ని క్లచ్చిలకు పంపును. ఆయిలు తక్కువైనపుడు, కారు వంగినచో అది ఒక ప్రక్కకు చేరి, పంపు నోటికి ఆయిలు బదులు గాలి అందును. గాలి నొక్కుకొనిపోవును గాని ఒత్తిడిని మోయలేదు. అందుచేత తరువాతి ప్రశ్న ఆయిలు మట్టమును గూర్చినది.

ఆయిలు చూచుటలోనే చాలమంది పొరపడుదురు. ఇంజను ఆయిలు చూచునట్లు, ఇంజను ఆపి చూచినచో ఈ లెక్క తప్పును. కన్వర్టరులోని ఆయిలు క్రిందికి దిగి మట్టము హెచ్చుగా కనబడును. ఆయిలు చల్లగా నున్నపుడు చూచినచో మట్టము తక్కువగా కనబడును. సరియైన పద్ధతి యిది. కారును పదిహేను ఇరువది కిలోమీటర్లు నడిపి, సమమైన నేలపై నిలుపవలెను. ఇంజను నెమ్మదిగా నడుచుచుండగా, బ్రేకు గట్టిగా నొక్కిపట్టి, గేరు రాడ్డును అన్ని స్థానములలోను ఒకసారి నిలిపి, పార్కులో పెట్టవలెను. అప్పుడు డిప్‌స్టిక్కు తీసి, తుడిచి, మరల పెట్టి చూడవలెను. కొన్ని కార్లకు పార్కులో గాక న్యూట్రలులో చూడవలెను. హోండా కార్లలో పెక్కింటికి ఇంజను వేడెక్కించి, ఆపిన వెంటనే చూడవలెను. కావున కారుతో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము.

మట్టము తక్కువగా నున్నచో నింపవలెను గాని, పొంగి పొరలునట్లు నింపరాదు. పాత జనరల్ మోటార్సు కార్ల డిప్‌స్టిక్కు మీది రెండు గుర్తుల నడుమ తేడా ఒక పైంటు, అనగా సుమారు అర లీటరు మాత్రమే. ఆయిలు హెచ్చైనచో తిరుగుచున్న గేర్లు దానిని కవ్వమువలె చిలుకును. నురుగు లేచును. నురుగులోనున్నది గాలియే గనుక, ఆయిలు తక్కువైనప్పుడు జారినట్లే హెచ్చైనప్పుడు కూడ జారును.

తరువాత ఆ డిప్‌స్టిక్కును తెల్లని గుడ్డమీద తుడిచి చూడవలెను. కొత్త ఆయిలు సాధారణముగా ఎఱ్ఱగా, తేటగా నుండును. కాలము గడచినకొలది గోధుమ వన్నెకు తిరుగును. రంగు ఒక్కటియే నమ్మదగిన సాక్షి కాదు; వాసన చూడవలెను. మాడిన వాసన కొట్టి, నల్లని నలుసులు గుడ్డకు అంటినచో క్లచ్చి లైనింగు కాలినదని తెలియవలెను. అప్పుడు కొత్త ఆయిలు పోసినంతమాత్రమున కాలిన లైనింగు తిరిగి రాదు. ఆయిలు మార్చిన మరునాడే బాక్సు చెడినదని పలువురు చెప్పుకొందురు. అట్టి బాక్సులలో పెక్కు అంతకుముందే చెడి, జారుచున్న తరువాతనే ఆయిలు మార్పునకు వచ్చినవి.

గుడ్డమీద ఆయిలు పాలు కలిపినట్లు గులాబి వన్నెగా కనబడినచో ప్రమాదము మరియొక రకముది. ఈ ఆయిలును చల్లార్చు గొట్టము చాల కార్లలో రేడియేటరు లోపల నుండును. అది తూటుపడినచో నీరు ఆయిలులో కలియును. నీరు లైనింగును ప్లేటునకు అతికించిన జిగురును విడదీయును. ఆ కారును ఆ క్షణమే నిలుపవలెను.

ఆయిలు రకము విషయమున కూడ జాగ్రత్త కావలెను. ఈ ఆయిలు చల్లదనము నిచ్చును, ఒరపిడి తగ్గించును, బలమును మోయును. క్లచ్చి ప్లేట్లు ఎంత మెత్తగా, ఎంత గట్టిగా పట్టుకొనవలెనో కూడ అదియే నిర్ణయించును. ఆ గుణము కొరకు 1970 ప్రాంతము వరకు ఈ ఆయిళ్ళలో తిమింగలపు నూనె కలిపెడివారు. తిమింగలములను కాపాడుటకై అమెరికా ప్రభుత్వము ఆంక్షలు పెట్టగా, రసాయన శాస్త్రజ్ఞులు వేరు మార్గము వెదకవలసివచ్చినది. పాత ఫోర్డు బాక్సుల కొరకు వచ్చిన ఎఫ్ రకము ఆయిలు పట్టు ఒక తీరుది. జనరల్ మోటార్సువారి డెక్స్‌రాన్ ఆయిలు పట్టు మరియొక తీరుది. ఎఱ్ఱగా నున్నవన్నియు ఒకటే యనుకొనరాదు.

మా మేనల్లుడు మరునాడు నేను చెప్పినట్లు చూచి టెలిఫోను చేసెను. డిప్‌స్టిక్కు కొనయందు మాత్రమే ఆయిలు తడి యున్నది. రంగు ఎఱుపే. మాడిన వాసన లేదు. నెల క్రిందటనే ఒక సీసా పోసితినని కూడ అతడు జ్ఞాపకము చేసికొనెను. అయినచో ఆ ఆయిలు ఏమైనది? కారు క్రింద చూడుమంటిని. అతడు నవ్వి, “మామయ్యా, ఇక్కడ నేలంతయు మంచు. ఎఱ్ఱని చుక్క ఒక్కటి పడినను కుంకుమబొట్టువలె కనబడును. ఒక్క చుక్కయు లేదు” అనెను.

బయటికి కారక, లోపల నిలువక, ఆయిలు పోవుటకు ఆ తరము కార్లలో ఒక రహస్య మార్గము కలదు. కాలు ఎంత నొక్కుచున్నామో, కారు ఎంత భారము లాగుచున్నదో గేరుబాక్సునకు తెలియవలెను గదా. భారము హెచ్చినపుడు క్లచ్చి ప్లేట్లను గట్టిగా పట్టవలెను. ఆ వార్త మోయుటకు ఇంజను గాలి పీల్చు మార్గమునుండి గేరుబాక్సు వరకు ఒక సన్నని గొట్టముండును. దాని చివర, బాక్సునకు బిగించి, మాడ్యులేటరు అను చిన్న డబ్బీ యుండును. డబ్బీలో ఒక రబ్బరు పొర యుండును. పొరకు ఇవతల ఇంజను పీల్చు బలము. అవతల గేరుబాక్సు ఆయిలు. ముప్పది యేండ్లకు ఆ రబ్బరు చిరిగినచో ఇంజను ఆ చిరుగులోనుండి గేరుబాక్సు ఆయిలును పీల్చి కాల్చివేయును. అప్పుడు ఆయిలు నేలమీద పడదు, పొగగా పోవును. పీల్చు బలము సరిగా అందక గేర్లు ఆలస్యముగాను, కుదుపుతోను మారును.

“పొగ ఎట్లున్నది?” అని అడిగితిని. తెల్లగా దట్టముగా వచ్చుచున్నదని, చలికి వచ్చు ఆవిరి కాబోలునని ఇంతవరకు అనుకొంటినని చెప్పెను. ఇంజను బాగుగ వేడెక్కిన తరువాత కూడ వచ్చుచున్నదా యని అడుగగా, వచ్చుచున్నదనెను. ఇంజను ఆపి, చల్లారిన తరువాత డబ్బీనుండి ఆ గొట్టము ఊడబెరికి చూడుమంటిని. కొంతసేపటికి అతడు మరల పలికెను. గొట్టము చివరనుండి ఎఱ్ఱని ఆయిలు అతని చేతిమీద కారినది. ఆ గొట్టములో గాలి తప్ప ఏమియు ఉండరాదు.

ఆ డబ్బీ ఒక్క బోల్టుతో బిగించియుండును. కొత్తది కొనుటకు అతనికైన ఖర్చు ఆ ఊరిలో రెండు పూటల హోటలు భోజనమునకు మించలేదు. సరియైన సంఖ్యగల డబ్బీని తెచ్చి మార్చి, ఆయిలును మట్టము వరకు నింపగా, గేర్లు వెనుకటివలె మారినవి. పొగ కొద్దిసేపటికి పోయినది. అదృష్టమేమనగా అతడు జారుచున్న కారును ఎక్కువ దూరము నడుపలేదు. లైనింగు కాలకముందే కారణము దొరకినది.

శ్రోతలలో కొందరికి సందేహము కలుగవచ్చును. ఆయిలు సరిగా ఉండి కూడ జారినచో ఏమి చేయవలెను? అప్పుడు ఎప్పుడు జారుచున్నదో, ఏ గేరులో జారుచున్నదో కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ కాగితము మంచి మెకానిక్కునకు రోగి నాడితో సమానము.

మొదట కాలమును గమనింపవలెను. ఉదయమున చల్లగా నున్నప్పుడు జారి, వేడెక్కగానే కుదుటపడినచో, పిస్టన్ల చుట్టునున్న రబ్బరు సీళ్ళు గట్టిపడినవని అనుమానింపవచ్చును. వేడికి రబ్బరు కొంచెము మెత్తబడి మరల ఒత్తిడిని నిలుపును. దీనికి విరుద్ధముగా, చల్లగా నున్నప్పుడు బాగుండి వేడెక్కిన తరువాత జారినచో, వేడికి పలుచబడిన ఆయిలు అరిగిన పంపులోనో, సీళ్ళలోనో దారి చేసికొని పోవుచున్నదని తలపవలెను. పెద్ద రోడ్డుమీద వేగముగా పోవునపుడు కొంతసేపటికి జారి, నిలిపి విశ్రాంతి యిచ్చినచో మరల బాగుగ నడచినచో, పంపు నోటిలోని ఫిల్టరు మూసికొనిపోయినదేమో చూడవలెను.

తరువాత గేరును గమనింపవలెను. ఉదాహరణకు 1969 నమూనా కార్లతో వచ్చి విరివిగా వాడబడిన టర్బో హైడ్రామాటిక్ 350 అను మూడు గేర్ల బాక్సును తీసికొందము. అందులో ముందుకు పోవు గేర్లన్నిటికి ముందరి క్లచ్చి అను దొంతర పట్టవలెను. ముందుకు ఏ గేరులోను పట్టు లేక, వెనుకకు మాత్రము బాగుగ పోవుచున్నచో అనుమానము ఆ దొంతరమీదనే. రెండవ గేరునకు మధ్య క్లచ్చి వచ్చి చేరును. ఒకటినుండి రెండునకు మారునపుడే రొద లేచినచో దానిని చూడవలెను. మూడవ గేరునకు డైరెక్టు క్లచ్చి యని మరియొకటి వచ్చును. ఆ డైరెక్టు క్లచ్చియే రివర్సునకు కూడ కావలెను. కావున మూడవ గేరును, రివర్సును రెండును జారుచున్నచో, రెంటికిని ఉమ్మడియైన ఆ క్లచ్చియే దోషి కావచ్చును. మూడవ గేరు గట్టిగా నుండి రివర్సు మాత్రము జారినచో, రివర్సునకు తోడుపడు రెండవ దొంతరను చూడవలెను.

డ్రైవులో పెట్టినప్పుడు కారు మొదట కదలక, రాడ్డును లో అను స్థానములోనికి దించగానే కదలినచో, మొదటి గేరును పట్టియుంచు ఒంటిదారి రోలరు క్లచ్చి చెడినదని గ్రహింపవచ్చును. లో స్థానములో దానికి తోడుగా ప్లేట్ల దొంతర కూడ పట్టును. డ్రైవులో ఆ తోడు లేదు. ఇట్లు ఒక్క పానా పట్టకయే, ఊరి బయట ఖాళీ రోడ్డుమీద పది నిమిషములు నడిపి, బాక్సు లోపల ఏ గదిలో దీపమారినదో చెప్పవచ్చును. ఇతర బాక్సులలో ఈ కూర్పు వేరుగా నుండును. కాని రెండు గేర్లలో ఉమ్మడియైన భాగమేదో వెదకు పద్ధతి మాత్రము ఒక్కటే. గేర్లన్నియు ఒకే తీరున జారినచో, ఒక్కొక్క క్లచ్చిని అనుమానింపక, అన్నిటికి ఆయిలు పంపెడి పంపును, ఫిల్టరును, ఒత్తిడిని చూడవలెను.

బాక్సు బయటనున్న రెండు చిన్న వస్తువులను కూడ మరువరాదు. ఒకటి గేరు రాడ్డునుండి బాక్సునకు పోవు కడ్డీ. దాని బుష్షు అరిగినచో, మీరు డ్రైవులో పెట్టినను లోపలి వాల్వు సగమే తెరచుకొనును. రాడ్డును కొంచెము ఇటునటు జరిపి పట్టినపుడు జారుట ఆగినచో కారణము అదియే. రెండవది ఆక్సిలరేటరునుండి బాక్సునకు పోవు కేబులు. 1982 నమూనాతో వచ్చిన 700 ఆర్ 4 వంటి బాక్సులలో ఆయిలు ఒత్తిడి ఈ కేబులు బిగింపు ననుసరించి మారును. కార్బురేటరు మార్చినవాడు కేబులును సరిగా అమర్చనిచో మంచి క్లచ్చిలు కూడ త్వరలో కాలిపోవును.

కొన్ని పరీక్షలు మాత్రము ఇంటివద్ద చేయరానివి. బ్రేకు నొక్కిపట్టి ఆక్సిలరేటరు పూర్తిగా అదిమి ఇంజను ఎంత వేగమున ఆగునో చూచుట ఒకటి. ఐదు సెకండ్లు మించినచో ఆయిలు మరిగిపోవును. బ్రేకు తప్పినచో ఎదుట నున్నవారి ప్రాణము పోవును. ఒత్తిడి గేజీ పెట్టి చూచుట, అడుగు తొట్టి విప్పి చూచుట మెకానిక్కు చేయవలసినవి. తొట్టి అడుగున బూడిదవంటి మెత్తని ముద్ద కొద్దిగా ఉండుట సహజము. తళతళలాడు లోహపు పలుకులో, లైనింగు ముక్కలో కనబడినచో అప్పుడు బాక్సు విప్పక తప్పదు. నా ఉద్దేశము బాక్సును ఎన్నడును విప్పరాదని కాదు. విప్పుమని చెప్పినవానిని, ఎందుకు విప్పవలెనో అడుగుటకు యజమానికి హక్కున్నదని మాత్రమే. ఆయిలు చూచితిరా, ఏ గేరులో జారినది, ఒత్తిడి ఎంత యున్నది అని మూడు ప్రశ్నలు అడిగినచో, నిజమైన పనివాడు సంతోషించి చెప్పును. కోపగించుకొన్నవాని షెడ్డునుండి కారును తెచ్చుకొనుటయే మేలు.

జారి నిలిచిపోయిన కారును త్రాడు కట్టి లాగునపుడు కూడ జాగ్రత్త కావలెను. పంపును త్రిప్పునది ఇంజను. ఇంజను ఆగినచో పంపు ఆగును. లోపలి భాగములకు ఆయిలు అందదు. కావున ఇంజను బలము అందుకొను చక్రములను నేలనుండి పైకెత్తి లాగించవలెను.

మన దేశమున అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్ల కాలమున క్లచ్చి పెడలు లేని కారు అరుదు. ఇప్పుడు మన పట్టణములలో అట్టి కార్లు చాల కనబడుచున్నవి. వానిలో చాల వాటిని రెండవ చేతినుండి కొనుచున్నారు. కాని అవి అన్నియు ఒక జాతివి కావు. 2014లో సెలెరియో కారుతో ప్రచారములోనికి వచ్చిన ఏ.ఎం.టి. పద్ధతిలో టార్కు కన్వర్టరు లేదు. మామూలు గేరుబాక్సునకే క్లచ్చి నొక్కెడి యంత్రము తగిలించియుండును. సి.వి.టి. అను మరియొక రకములో గేర్లకు బదులు బెల్టు పనిచేయును. నేను చెప్పిన గేరు లెక్కలు వానికి వర్తింపవు. కొను కారు ఏ జాతిదో మొదట అడిగి తెలిసికొనవలెను.

మా మేనల్లుడు ఆ కారును మరి రెండేండ్లు నడిపెను. చదువు ముగించి వేరు ఊరు పోవునపుడు, కొత్తగా వచ్చిన మన తెలుగు విద్యార్థికే దానిని అమ్మెను. అమ్ముటకు ముందు, ఏ మాసమున ఏమి జరిగినదో, ఎంత ఆయిలు పోసినదో, ఏ భాగము మార్చినదో అంతయు ఒక నోటుపుస్తకములో వ్రాసి, దానితోపాటు ఆ చిరిగిన పాత డబ్బీని కూడ అతని చేతిలో పెట్టెనట. “ఇది ఎందుకు?” అని ఆ కుఱ్ఱవాడడిగెనట. “మళ్ళీ ఎవరైన గేరుబాక్సు పోయినదని చెప్పినచో, ముందు దీనిని చూడుము” అని మావాడు చెప్పెనట.